జోడీ నంబరు

నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల తిరిగి వచ్చానని చెబితే తెనాలిలో మా అన్నయ్య మొదట అడిగిన మాట, "ఏం, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని. ఆ వైపు ఊరికే చూసి రావడానికి ఎవరైనా వెళతారని ఆయన అనుకోలేదు. నిజానికి నేనూ చూసి రావడానికి వెళ్ళలేదు. హైదరాబాదులో పాలిటెక్నిక్ పిల్లలకు మెషిన్ డ్రాయింగు చెప్పుకునే నన్ను వనపర్తిలో ప్రాక్టికల్ పరీక్షలు జరిపించమని వేశారు. పరీక్ష ఒక్క రోజే. దానికి ముందొక రోజు, వెనక రెండు రోజులు సెలవు కలుపుకొని, నా పాత మోటారు సైకిలు జబ్బేమిటో కనుక్కుందామని బయలుదేరాను. బండి సంగతి తేలింది. దాంతోపాటు నేను వెతకని సంగతి ఒకటి బయటపడింది.

బండి ఇంగ్లండులో తయారైంది. నాకంటే పదేళ్ళే చిన్నది. రెండేళ్ళ కింద నాగర్‌కర్నూలు ఎరువుల వ్యాపారి వెంకట్రెడ్డి దగ్గర కొన్నాను. చూడటానికి దిట్టంగా ఉంటుంది గాని, ప్రతి ఆరు నెలలకూ ఇంజను అడుగున బేరింగు అరిగిపోయి గరగర మొదలవుతుంది. కొత్తది వేయిస్తే మళ్ళీ ఆరు నెలలు. క్రాంకు అనే ఇనప ఇరుసు తిరిగే ఆ అడుగు గదిని మెకానిక్కులు చాంబరు అంటారు. అది ఒకే ముక్క కాదు. కొబ్బరికాయ రెండు చిప్పల్లాగా కుడి ముక్క, ఎడమ ముక్క ఉంటాయి. రెండూ కలిపి బోల్టులు బిగిస్తే గది అవుతుంది. ఆ రెండు అల్యూమినియం ముక్కలనూ గుడ్డలో చుట్టి, కాన్వాసు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

నాగర్‌కర్నూలు

పాత ఇంజను ముక్కను ఎంత తుడిచినా నూనె కారడం మానదు. కల్వకుర్తి దాటేసరికి నా సంచి కిందనుంచి నల్లటి మరక పక్కావిడ చింతపండు మూటకు అంటింది. మా వైపైతే ఊరొచ్చేదాకా తగాదా నడిచేది. ఆవిడ మూటను ఒడిలోకి తీసుకుని, నా సంచిని కాలితో అవతలికి తోసి, "ఏంది సారూ, గానుగ ఎత్కపోతున్నవా?" అంది. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. నేను తప్పయిపోయిందన్నాను. "ఏం గాదు తియ్యి. మూటకు అంటింది గని పండుకు అంటలె," అని తనే ఒక పాత పేపరు సంచి కింద పరిచింది.

ఆ "నువ్వు" మొదట్లో నాకు చెవిలో గుచ్చుకుంది. మా ఇంట్లో పాలవాడిని కూడా "రండి" అంటాం. ఇక్కడ సారుకైనా కూలీకైనా చాలావరకు మాట ఒకే తీరు. మర్యాద క్రియ చివర కాక ఇంకెక్కడో ఉంటుంది. ఎక్కడుంటుందో నాలుగు రోజుల్లో కొంత తెలిసింది.

వెంకట్రెడ్డి నన్ను చూడగానే బండి వాపసు తెచ్చానేమోనని కంగారుపడ్డాడు. సంచిలో రెండు ముక్కలే ఉన్నాయని తెలిశాక తేలికపడి, కొట్టు మూసి ఇంటికి తీసుకువెళ్ళాడు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టారు. పుంటికూర అంటే మా గోంగూరే. మాకు అన్నం లేనిదే భోజనం కాదు. అక్కడ రొట్టెలయ్యాక చివర్న ఒక గరిటెడు వడ్డించారు, అదీ నా మొహం చూసి.

"అసలు రెండు బండ్లు సార్," అన్నాడు వెంకట్రెడ్డి. "నాదొకటి, అమరచింతల మా బామ్మర్దిది ఒకటి. ఇద్దరం ఒక్కనాడే పట్నంల కొన్నం. మా చెల్లె లగ్గం ముంగట రెండు ఇంజన్లు ఒక్కసారే విప్పిపిచ్చినం, వనపర్తిల ఖాజా మియా దగ్గర. ఇరవై ఏండ్లయింది. ఆడికెంచి రెండు బండ్లకు ఒక్కటే రోగం."

"ఖాజా మియాకు పని సరిగా రాదా?"

"అయ్యో, గట్లనకు. ఈ దిక్కు ఆయనంత మెకానిక్ లేకుండె. ఆయన దగ్గర యాకోబని ఒకడు పని చేస్తుండె. బిగించింది వాడు. రెండు ఇంజన్లు వాపస్ వచ్చినంక ఖాజా మియా వాన్ని షెడ్డు ముంగట నిలవెట్టి, అందరు చూస్తుంటె ఎల్లగొట్టిండు. నేను గూడ ఆడనే ఉన్న."

"మరి నాకు అమ్మేటప్పుడు ఈ మాట చెప్పలేదేం?"

"నువ్వు అడగలె గద సార్," అన్నాడు, నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తూ.

భోజనమయ్యాక ఆ ముక్కలను అరుగు మీద పెట్టి ఆయనకు చూపించాను. కర్మాగారంలో తయారైన ముక్క మీద ఏవో గుర్తులుంటాయి. కొన్ని ఉబ్బెత్తు అంకెలు; అవి పోతపోసినప్పుడే అచ్చులోంచి వచ్చినవి. ఎడమ ముక్క పైభాగాన ఇంజను నంబరు ఉంటుంది; రిజిస్ట్రేషను కాగితంలోకి ఎక్కేది అదే. ఇవి కాక, రెండు ముక్కలు కలిసే అంచు పక్కన, అడుగున, ఎవరో చేత్తో అచ్చు పట్టుకుని సుత్తితో కొట్టిన మూడేసి చిన్న అంకెలున్నాయి. ఎడమ దాని మీద 417. కుడి దాని మీద 471. ఇవే నాకు అర్థం కాలేదు. కుడి వేరు, ఎడమ వేరు కాబట్టి నంబర్లూ వేరుగా ఉంటాయిలే అనుకుని నోటుబుక్కులో రాసుకుని వదిలేశాను. వెంకట్రెడ్డి కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎన్ని చేసిన్రో లెక్క రాసుకున్నరేమో," అన్నాడు.

బిజినేపల్లి

మర్నాడు తెల్లవారగానే వనపర్తి బస్సెక్కితే బిజినేపల్లి దగ్గర టైరు పంక్చరైంది. ప్రయాణికులందరం బస్సు నీడలో నిలబడ్డాం. ఒకామె తాటిముంజలు అమ్ముతోంది, రూపాయికి ఆరు. మా ఊళ్ళో ముంజను వేలితో పొడిచి నీళ్ళు పీల్చి తింటాం. ఆవిడ పైపొర వలిచి, మోదుగాకులో పెట్టి ఇచ్చింది.

రోడ్డుకు అవతల పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. గంపలు, గడ్డపారలు, చుట్టిన చాపలు, ఒక కోడిపుంజు. లారీ కోసం చూస్తున్నారట. ఎక్కడికని ఒకతన్ని అడిగాను.

"పూనా దిక్కు. కాల్వ పనికి."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"వానలు పడ్డయని తెలిస్తె," అన్నాడు. వానలు పడితే అని గాక, పడ్డయని తెలిస్తే అన్నాడు. అక్కడ ఉండేవాళ్ళకు ఇక్కడి వాన ఎవరో చెబితేనే తెలుస్తుంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలు ఉంటారని చిన్నప్పటినుంచీ విన్నాను. వాళ్ళు బయలుదేరే చోట నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

వనపర్తి

పాలిటెక్నిక్ పాత రాజావారి భవనంలో నడుస్తుంది. పొడుగాటి వరండాలు, మనిషికి రెండింతల తలుపులు. ఆ తలుపుల లోపల వైస్ బిగించిన బల్లలు, ఇనప రజను వాసన. నేను వెళ్ళేసరికే పిల్లలు ఆకురాళ్ళు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. మధ్యాహ్నానికి పరీక్ష అయిపోయింది. అక్కడి లెక్చరరు మార్కులు కూడుతుంటే నేను గది చూస్తూ తిరిగాను. మూల బల్ల మీద, లోపలి భాగాలు కనబడేలా పక్కకు కోసి రంగులు వేసిన ఇంజను ఒకటి ఉంది. దుమ్ము ఊదితే అది నా బండి ఇంజనే, అదే కంపెనీ, అదే రకం.

పడుకోబెట్టి అడుగు చూశాను. ఎడమ ముక్క మీద సుత్తితో కొట్టిన 388. కుడి ముక్క మీద కూడా 388.

అంత తేలికైన విషయం ఏళ్ళ తరబడి మెషిన్ డ్రాయింగు చెప్పిన నాకు తట్టలేదు. రెండు ముక్కలనూ ముందు కలిపి బిగించి, బేరింగు కూర్చునే రంధ్రాలను రెండింటికీ ఒకేసారి తొలుస్తారు. అందువల్ల ఆ ఎడమకు ఆ కుడి మాత్రమే తిన్నగా అతుకుతుంది. పక్క ఇంజను ముక్క తెచ్చి పెడితే బోల్టులన్నీ పడతాయి, బయటికి తేడా కనబడదు. లోపల మాత్రం వెంట్రుకవాసి వంకర ఉంటుంది. ఆ వంకర బేరింగును తినేస్తుంది. విప్పినప్పుడు జంట తారుమారు కాకుండా కొట్టిన గుర్తు అది. నా చాంబరులో ఉన్నవి రెండు వేరువేరు ఇంజన్ల ముక్కలు. ఇరవై ఏళ్ళ కింద ఒకే షెడ్డులో, ఒకేసారి విప్పిన రెండు ఇంజన్ల సంగతి వెంకట్రెడ్డి చెప్పనే చెప్పాడు.

సంచి భుజాన వేసుకుని ఖాజా మియా షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. బస్టాండు వెనక షెడ్ల వరసలో మూడోది. ఇప్పుడు అల్లుడు నడుపుతున్నాడు. ఖాజా మియాకు డెబ్బై దాటాయి. కళ్ళకు పొర కమ్మింది. ఒక చెక్కపెట్టె మీద కూర్చుని సాసరులో టీ పోసుకుని తాగుతున్నాడు. నేనెవరో చెప్పి, చాంబరు అడుగున కొట్టిన అంకెల గురించి అడగడానికి వచ్చానన్నాను. సాసరు కింద పెట్టాడు.

"గా నంబర్ల సంగతి నీకెవరు చెప్పిన్రు సాబ్?"

"మీకు తెలుసా?"

"తెల్వకేంది? జోడీ నంబరు. రెండు టుకడల మీద ఒక్కటే ఉండాలె. ఈ జిల్లా మొత్తంల నాకొక్కనికే ఎర్క. మా ఉస్తాద్ హైద్రబాద్ల చెప్పిండు. నేను ఎవ్వనికి చెప్పలె."

తెలియక జరిగిన పొరపాటు అనుకుని వచ్చాను నేను. ఈయనకు తెలుసు. గుడ్డ విప్పి, ఆ ముక్కలు రెండూ ఆయన ఒళ్ళో పెట్టాను. "ఇవి వెంకట్రెడ్డి బండివి. చదవండి," అన్నాను.

అంచును తడిమి చోటు పట్టుకున్నాడు. ఎడమ ముక్క మీద బొటనవేలు మెల్లగా జరిపాడు. "చార్... ఎక్... సాత్." తర్వాత కుడి ముక్క మీద. "చార్..." వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ జరిగింది. లుంగీ అంచుతో అంకెలను తుడిచి మరోసారి తడిమాడు. పక్క షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు. ఆ చప్పుడు మధ్యనే ఎడమ ముక్కను కూడా ఇంకోసారి తడిమాడు.

"సాత్ ముందుగాల ఉన్నది," అన్నాడు చివరికి.

"అవును."

"ఇంగ్లీషు అంకెలు నేను సూరత్, అంటె ఆకారం చూసి గుర్తుపడ్త సాబ్, చదువుకోలె. చార్, ఎక్, సాత్ మూడు ఉన్నయా అని చూసిన. ఉన్నయి. నాలుగు టుకడలు గ్యాసునూనెల కడిగి, జోడీలు కట్టి పెట్టింది నేనే. యాకోబు నేను పెట్టింది బిగించిండు. గంతే చేసిండు వాడు."

యాకోబు ఇప్పుడెక్కడున్నాడని అడిగాను.

"అయిజల ఉన్నడని విన్న. అమరచింత బండి పాత సామాను కింద కబాడిల పోతుంటె వాడే కొన్నడని గూడ విన్న. ఎందుకు కొన్నడో సమజ్ గాలె అప్పుడు." ముక్కలను తనే గుడ్డలో చుట్టాడు. "రేపు పొద్దున నేనొస్త. నన్ను తీస్కపో."

ఈ ఎండలో ఎక్కడికని అల్లుడు గొడవపడ్డాడు. ఆయన వినలేదు.

బీచుపల్లి వంతెన

పొద్దున్నే ఖాజా మియా తెల్ల లాల్చీ, టోపీ వేసుకుని బస్టాండులో నాకంటే ముందే నిలబడి ఉన్నాడు. పెబ్బేరులో కర్నూలు బస్సుకు మారాం. సీటు లేకపోతే ఒకతను లేచి, "కూసో తాతా," అని చెయ్యిపట్టి కూర్చోబెట్టాడు. దగ్గర్లో ఎక్కడో దిగాల్సిన మనిషి కాదు, కర్నూలు దాకా వెళ్ళేవాడు. మేం గద్వాల బస్సు కోసం దిగేదాకా నిలబడే ఉన్నాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ ఎండి, బండరాళ్ళ మధ్య సన్నగా పారుతోంది. జనం కిటికీల్లోంచి చిల్లర విసురుతున్నారు. మా కృష్ణ కూడా ఇదే, విజయవాడ దగ్గర ఎంత వెడల్పు! ఖాజా మియా "నది వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. ఇక నేను అడగాలనుకున్నది అడిగాను.

"ఆ గుర్తు సంగతి యాకోబుకైనా చెప్పి ఉండొచ్చు గదా?"

"చెప్తె నా దగ్గర ఏముంటది సాబ్?" అన్నాడు. "చెయ్యి వానిది నాకంటె మంచిగుండె. నేను గంట చేసే పని వాడు అర్ధగంటల చేస్తుండె. నా దగ్గర మిగిలింది గా ఒక్క ముచ్చటే." వంతెన దాటాక మళ్ళీ తనే అన్నాడు. "చెప్పుంటె వాడు రెండోసారి విప్పిన్నాడే పట్టుకుంటుండె."

నా దగ్గర చదివే పిల్లలు గుర్తొచ్చారు. పరీక్షలో వచ్చే బొమ్మను చివరి వారం దాకా దాచుకునే అలవాటు నాకూ ఉంది.

గద్వాల

గద్వాలలో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు పక్కన ఒగ్గాని తిన్నాం. తడిపిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరప, పుట్నాల పొడి వేసి తాళింపు పెడతారు. పక్కన మిర్చి బజ్జీ. ప్లేటు రెండు రూపాయలు. బొరుగులంటే మా మరమరాలే. మేం వాటిని సాయంత్రం పిడతకింద పప్పులో కలుపుకుంటాం గాని, పొద్దున్నే ఫలహారంగా తినడం నాకు కొత్త. రెండో ప్లేటు కూడా తిన్నాను.

అక్కడి ఎస్టీడీ బూత్ నుంచి వెంకట్రెడ్డికి ఫోను చేసి సంగతంతా చెప్పాను. "నేను గూడ వాన్నే తిట్టిన సార్ గప్పుడు," అని మాత్రం అన్నాడు. మా ఆవిడ గద్వాల చీరలు చూసి రమ్మంది. ఆ వీధిలో నడిచాను గాని, లోపల మగ్గాల చప్పుడు వినడమే తప్ప ఒక్క గుమ్మం ఎక్కలేదు.

అయిజ బస్సు కోసం నిలబడ్డప్పుడు భుజం మీద నూలు పోగులు అంటిన ఒక నేతగాడిని యాకోబు ఇల్లు తెలుసేమోనని అడిగాను.

"డీజిలు ఇంజన్ల యాకోబన్ననా? ఎందుకు తెల్వదు. బస్సు దిగినంక ఎవర్నడిగినా చూపిస్తరు. మా తమ్ముని బాయి మీది ఇంజను ఆయనే చేసిండు. ఆయన చెయ్యి పడ్డదంటె మల్ల విప్పే పనుండదు."

ఖాజా మియా ఆ మాట విని ముఖం అటు తిప్పుకున్నాడు.

అయిజ

ఆ బస్సులో సగంమంది తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతున్నారు. ఒకాయన నన్ను, "స్వల్ప జరుగు సార్," అన్నాడు. అర్థం చేసుకుని జరిగాను.

యాకోబు ఇల్లు ఊరి చివర ఒక గది, దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డు నిండా పంపు ఇంజన్లు. గుమ్మంలో నలభై ఐదేళ్ళావిడ చింతచిగురు ఏరుతోంది. యాకోబు భార్య మరియమ్మ. ఆయన పక్క ఊళ్ళో ఇంజను స్టార్టు చేయడానికి వెళ్ళాడని, కూర్చోమని చెప్పి, ఇద్దరికీ చెంబులతో నీళ్ళిచ్చింది. ఖాజా మియా నీళ్ళు తాగి తన పేరు చెప్పాడు. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"వనపర్తి ఖాజా మియానా?"

"అవ్ బేటీ."

చిగురు చేట తీసి పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "ఆయన పని అడగనింకె పోని షెడ్డు లేదు. పాలమూరు పోయిండు, కర్నూలు పోయిండు. గా ఇంజన్లు కరాబు చేసినోడు నువ్వేనా అని వాపస్ పంపిన్రు. పానా పట్టిన చెయ్యితోని పార పట్టిండు. పదకొండేండ్లు కట్టల మీద మట్టి మోసినం ఇద్దరం. నా పిల్లలిద్దరు డేరాల్ల పుట్టిన్రు. ఇప్పుడెందుకొచ్చినవ్?"

"తప్పు నాదని చెప్పనింకె వచ్చిన," అన్నాడు ఖాజా మియా.

ఆవిడ ఏదో అనబోయేంతలో బయట బండి చప్పుడైంది. ఆ గరగర నాకు బాగా తెలిసినదే. యాకోబు దిగి, లోపల కూర్చున్న మనిషిని చూసి, "ఉస్తాద్," అన్నాడు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, వేళ్ళు మాత్రం బలంగా ఉన్నాయి.

నేను ముక్కలు బయటపెట్టి సంగతి చెప్పాను. అయిపోయాక యాకోబు 417 మీద వేలు పెట్టి అన్నాడు.

"ఈ నంబర్లు నేను మస్తుసార్లు చూసిన సార్. నా దాని మీద గూడ ఉన్నయి. కుడిది కుడిదే, ఎడమది ఎడమదే, అందుకే ఏరేరు ఉన్నయనుకున్న. నేనేం తప్పు చేసిన్నో చూద్దామనే గా బండి కొన్న. పద్నాలుగు సార్లు విప్పిన. నా పనిల తప్పు దొర్కలె." ఖాజా మియా వైపు చూసి, "నీకు ఎర్కుండెనా ఉస్తాద్, నంబరు సంగతి?" అని అడిగాడు.

"ఎర్కుండె."

"నాకు చెప్పకపోతివి."

"చెప్పలె," అన్నాడు ఖాజా మియా.

యాకోబు బండిని షెడ్డులోకి తోసి, పానాలు కింద పరిచాడు. ఖాజా మియా వెళ్ళి ఆ పానాల పక్కన నేల మీద కూర్చున్నాడు. యాకోబు చెయ్యి చాపితే, ఏ నట్టు మీద పని చేస్తున్నాడో చప్పుడును బట్టి తెలుసుకుని, తడిమి సరైన పానా అందించాడు. నాలుగైదు సార్లు అందుకున్నాక యాకోబు చెయ్యి చాపడం కూడా మానేశాడు. పానా తనంతట తనే చేతికి వస్తోంది.

చాంబరు విడిపోయింది. ఎడమ దాని మీద 471. కుడి దాని మీద 417. ఖాజా మియా వాటినీ వేలితో చదివి, తలూపి, కింద పెట్టాడు.

ఇంజను నంబరు ఎడమ ముక్క మీదే ఉంటుంది కాబట్టి కుడి ముక్కలు మార్చుకుంటే ఎవరి కాగితాలు వాళ్ళకు సరిపోతాయి. నా కుడి ముక్క యాకోబుకిచ్చి, ఆయనది నేను తీసుకున్నాను. కాని ముక్కను వేడి చేస్తే తప్ప అందులోని బేరింగు ఊడిరాదు. యాకోబు చుట్టూ చూస్తుంటే, మరియమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి మీది పప్పు గిన్నె దింపింది.

పొద్దు వాలకముందే జత ముక్కలు కలిశాయి. ఇదివరకు బోల్టులు బిగించేకొద్దీ లోపల క్రాంకు బిగుసుకుపోయేదట. సుత్తితో తట్టి, వదులు చేసి సరిపెట్టుకునేవాడట. ఇప్పుడు ఆఖరి బోల్టు బిగించి, చూపుడు వేలితో ఒక్క తోపు తోశాడు. క్రాంకు తిరిగింది. వేలు తీసేశాక కూడా తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా చూశాడు. మళ్ళీ తోశాడు. మళ్ళీ ఆగేదాకా చూశాడు. తర్వాత లేచి బయట నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

అతను లోపలికి రాగానే ఖాజా మియా లేచి నిలబడ్డాడు. "మాఫ్ చెయ్యి యాకోబు. జోడీ కట్టింది నేను. చూసుకోకుండ నిన్నన్న."

"పోనియ్యి ఉస్తాద్. ముసలోనివైనవు. గింత దూరం వచ్చినవు, చాలు."

"పోనియ్యి అంటె ఎట్ల పోతది?" అంది మరియమ్మ గుమ్మంలోంచి. "అన్నది బజార్ల. మాఫ్ చెయ్యమనేది నా ఇంట్ల, నాలుగు గోడల నడుమనా? ఆడ నిలవడి అన్నడు, ఆడనే నిలవడి చెప్పాలె."

"మరియమ్మా, ఊకో."

"ఇరవై ఏండ్లు ఊకున్న."

ఖాజా మియా ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "సహి చెప్పినవ్ బేటీ. రేపు పోదాం," అన్నాడు.

ఆ పూట చింతచిగురు పప్పు, సజ్జరొట్టె తిన్నాం. ముందుగా ఖాజా మియాకే వడ్డించింది ఆవిడ. కోపం తగ్గి కాదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి కాబట్టి. కడుపునిండా పెట్టి, ఒక్క మాట పలకరించలేదు. ఇది రాసేనాటికి నా బండి నెలల తరబడి గరగర లేకుండా తిరుగుతోంది గాని, దాన్ని స్టార్టు చేసినప్పుడల్లా నాకు ఆ భోజనమే గుర్తొస్తుంది.

మళ్ళీ వనపర్తి

మర్నాడు నలుగురం వనపర్తిలో దిగేసరికి పది దాటింది. షెడ్ల వరసలో పని జోరుగా సాగుతోంది. రాత్రి అయిజ నుంచి నేను ఫోను చేసి చెప్పడంతో వెంకట్రెడ్డి అప్పటికే వచ్చి టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. యాకోబును చూసి, తల దించుకుని, "బాగున్నవా?" అన్నాడు. యాకోబు బాగున్నానన్నాడు.

ఖాజా మియా తన షెడ్డు ముందు సిమెంటు మెట్టు ఎక్కి, అందరినీ ఒకసారి రమ్మని పిలిచాడు. ఇరవై మంది దాకా గుమిగూడారు. చేతులకు గ్రీజు, చెవుల మీద బీడీలు. చాలామంది పాతికేళ్ళ లోపువాళ్ళే. ఆనాటి మనుషుల్లో రేకుపని చేసే ఒక ముసలాయన, టీకొట్టాయన, వెంకట్రెడ్డి తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్ళు కొందరు పోయారు, కొందరు ఊరు వదిలారు. యాకోబును తలుపు దగ్గరే వెనక్కి పంపిన షెడ్ల యజమానుల్లో అక్కడ ఒక్కరూ లేరు.

"ఇరవై ఏండ్ల కింద ఈడ యాకోబును నేను బేఇజ్జతి చేసిన," అని మొదలుపెట్టాడు ఖాజా మియా. "రెండు ఇంజన్లు కరాబు చేసింది వాడు కాదు. చాంబరు జోడీలు తప్పు కట్టింది నేను." ఆపైన నా చేతిలోని ముక్కలు తీసుకుని, పైకెత్తి చూపించాడు. "ఇగో, ఈడ అడుగున నంబర్లు ఉంటయి. రెండు ఒక్కటే ఉండాలె. ఇది ఎవ్వనికి చెప్పకుండ దాచుకున్న. ఇయ్యాల్టి సంది అందరు చూసుకోండ్రి."

కుర్రవాళ్ళకు ఆ మాట పట్టింది. ఏదీ, ఎక్కడ అంటూ ముక్కల చుట్టూ మూగారు. ఒకడు తన షెడ్డులో విప్పి ఉన్న చాంబరు మీద చూసొస్తానని పరుగెత్తాడు. ఇంకొకడు పాత ఇంజన్లన్నిటికీ ఉంటుందా, కొత్తవాటికీ ఉంటుందా అని నన్ను అడుగుతున్నాడు. టీకొట్టులో పంపు స్టవ్వు హోరుమంటోంది. యాకోబు ఒక పక్కగా, కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన పేరు అప్పటికే ఎవరికీ గుర్తులేదు.

మరియమ్మ కొంగు నడుముకు దోపుకుని ఆ గుంపులోంచి దారి చేసుకుంటూ మెట్టు దాకా వచ్చింది.

"నంబరు ముచ్చట తర్వాత," అంది. "మొదలు చెప్పింది ఇంకోసారి చెప్పు. గా మూలకున్నోళ్ళకు వినవడలె."

గుంపు సద్దుమణిగింది. టీకొట్టాయన వంగి స్టవ్వు ఆపేశాడు. ఖాజా మియా గోడ పట్టుకుని, మొహం పైకెత్తి, ఈసారి బస్టాండు దాకా వినబడేలా యాకోబు పేరుతో మొదలుపెట్టి మళ్ళీ చెప్పాడు.